నాన్నకి స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్, బాగా పాకిందన్నారు. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ మొదటి నుంచే పెట్టించాలా?

బ్రాడీపేట_కిరణ్
మా నాన్నకి 66 ఏళ్లు. పొగాకు గ్రేడింగ్‌లో మొదలుపెట్టి కమీషన్ వ్యాపారం దాకా జీవితమంతా గుంటూరు పొగాకుతోనే గడిచింది. చుట్ట నుంచి సిగరెట్‌కి వచ్చారు, మొన్నమొన్నటి దాకా మానలేదు. దగ్గు తగ్గక, బరువు తగ్గుతుంటే ముందు టీబీ అనుకుని మందులు వాడించారు. గుణం కనిపించలేదు. పోయిన వారం పొద్దున లేచేసరికి ముఖం, మెడ ఉబ్బిపోయాయి. పడుకుంటే ఆయాసం. సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తి దగ్గర పెద్ద గడ్డ, అది గుండెకి వెళ్లే పెద్ద రక్తనాళాన్ని నొక్కుతోందన్నారు. బయాప్సీలో స్మాల్ సెల్ అని వచ్చింది. పెట్ స్కాన్‌లో లివర్‌లోనూ వెన్నెముకలోనూ మచ్చలు. కాగితం మీద ‘ఎక్స్‌టెన్సివ్ స్టేజ్’ అని రాశారు.

డాక్టరు గారు చెప్పింది ఇది: కార్బోప్లాటిన్, ఎటోపొసైడ్ కీమో వెంటనే మొదలుపెట్టాలి. దాంతో పాటు ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ (మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి తిప్పే మందు) కలిపితే మంచిది, కానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. మా బావ నెట్‌లో చూసి ‘ఆ ఇంజెక్షన్ వల్ల పెరిగేది రెండు నెలలేనంట, దానికోసం పొలం అమ్ముతారా’ అంటున్నాడు. అమ్మ మాత్రం ప్రత్తిపాడు దగ్గరున్న ఎకరం అమ్మేద్దాం అంటోంది. నాన్నకి జబ్బు పేరు ఇంకా చెప్పలేదు. ఎల్లుండి లోపల ఏ సంగతో డాక్టరుకి చెప్పాలి. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి_సుధ
ముఖం ఉబ్బిందంటే ఎల్లుండి దాకా కూడా ఆగొద్దు. ఇంజెక్షన్ సంగతి తర్వాత తేల్చుకోవచ్చు, కీమో రేపే పెట్టించండి. మా పెదనాన్నకి ఇలాగే అయితే, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుంటూనే వారం గడిపేశారు. ఆ వారంలోనే ఆయన మంచాన పడ్డారు.

మిర్చియార్డు_శీను
కిరణ్, నేను కటువుగా చెప్తున్నానని అనుకోవద్దు. మీ బావ మాటలో న్యాయం ఉంది. మా చిన్నాన్నకి వేరే క్యాన్సర్‌కి ఇలాంటి ఇంజెక్షన్లే పెట్టించారు. ఇల్లు తాకట్టు పెట్టారు. మనిషీ దక్కలేదు, ఇల్లూ పోయింది. పిన్ని ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటోంది. అమ్మ భవిష్యత్తు కూడా చూడాలి కదా. ఆ ఎకరం ఆవిడకి ఆధారం.

పద్మ_మంగళగిరి
శీను గారూ, మీ బాధ అర్థమవుతోంది. కానీ ‘వేరే క్యాన్సర్’ అనుభవంతో దీన్ని కొలవొద్దు. స్మాల్ సెల్ చాలా వేగంగా పెరుగుతుంది, అంత వేగంగానూ మందుకి కరుగుతుంది. మా అమ్మకి కీమో ఒక్కటే పెట్టించాం, ఇమ్యునో మా వల్ల కాలేదు. మొదటి సైకిల్ అయిన వారంలోనే ముఖం వాపు తగ్గి, తనే లేచి పూజ చేసుకుంది. జబ్బు తిరగబెట్టడం కూడా అలాగే త్వరగా జరిగిందనుకోండి. కానీ మధ్యలో బతికిన నెలలు మంచం మీద గడిపినవి కావు. మనవరాలి ఓణీల ఫంక్షన్ దగ్గరుండి చేయించింది.

ఆంకో_పీజీ
మెడికల్ ఆంకాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. కిరణ్ గారి నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయన విషయంలో నిర్ణయం ఆయన డాక్టరుదే. ఆ ‘రెండు నెలలు’ అన్న మాట వెనక ఏముందో మాత్రం చెప్తాను.

ఈ జబ్బు బాగా పాకిన దశలో 1980ల నుంచి మొదటి వైద్యం ఒకటే: సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్, దానికి తోడు ఎటోపొసైడ్. వందలో 60, 70 మందికి గడ్డ గణనీయంగా తగ్గుతుంది. కానీ ఎక్కువమందికి కొన్ని నెలల్లోనే తిరగబెడుతుంది. బతికేది సగటున పది నెలలు. ముప్పై ఏళ్లకు పైగా ఎన్ని కొత్త మందులు పరీక్షించినా ఈ అంకె పెద్దగా కదలలేదు. 2002లో జపాన్ వాళ్లు ఎటోపొసైడ్ బదులు ఇరినోటెకాన్‌తో మంచి ఫలితం చూపించారు. అమెరికాలో పెద్ద పరీక్ష చేసి చూస్తే ఆ తేడా రాలేదు.

మార్పు 2018లో వచ్చింది. ఇంపవర్133 అనే పరీక్షలో 403 మందిని తీసుకున్నారు. సగం మందికి కీమోతో పాటు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునో మందు, మిగతావాళ్లకి కీమోతో పాటు ఉత్తుత్తి ఇంజెక్షన్. మొదటి వాళ్ల మీడియన్ 12.3 నెలలు, రెండో వాళ్లది 10.3. మరుసటి ఏడు కాస్పియన్ పరీక్షలో డుర్వాలుమాబ్ అనే ఇంకో ఇమ్యునో మందుతో 13.0, కీమో ఒక్కదానితో 10.3. మీ బావగారి ‘రెండు నెలలు’ ఇక్కణ్నుంచే వచ్చింది.

మీడియన్ అంటే ఏమిటో చూడండి. వందమందిని వరసలో నిలబెడితే మధ్యలో ఉన్న మనిషి ఎన్నాళ్లు బతికాడు అన్నదే ఆ అంకె. వరస చివర ఉన్నవాళ్ల సంగతి అది చెప్పదు. కాస్పియన్‌లో మూడేళ్లకి లెక్కపెడితే, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో బతికున్నవాళ్లు 5.8 శాతం. డుర్వాలుమాబ్ కలిపినవాళ్లలో 17.6 శాతం. అంటే మూడు రెట్లు. ఇమ్యునో వల్ల అందరికీ రెండు నెలలు చొప్పున పెరగలేదు. చాలామందికి ఏమీ పెరగలేదు, కొద్దిమందికి ఏళ్లు పెరిగాయి. ఆ కొద్దిమంది ఎవరో ముందే చెప్పే పరీక్ష ఇవాళ్టికి లేదు. వేరే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో చూసే పీడీ-ఎల్1 టెస్టు (గడ్డ కణాల మీద ఒక ప్రోటీన్ ఎంతుందో చూసేది) ఇక్కడ దారి చూపించదు, దానికి డబ్బు పెట్టకండి.

ఉండవల్లి_నాని
ఈ ‘వరసలో నిలబెట్టడం’ ఇన్నాళ్లకి అర్థమైంది. రిపోర్టులు చదివి భయపడిపోయేవాణ్ని.

మిర్చియార్డు_శీను
సరే డాక్టరు గారూ, 17 శాతం అంటే మిగతా 83 మందికి మూడేళ్లు రాలేదనే కదా. వాళ్ల పొలాల సంగతి ఏంటి?

ఆంకో_పీజీ
అవును, రాలేదు. మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. అందుకే ‘అమ్మేసి పెట్టించండి’ అని నేను ఎవరికీ చెప్పను. ‘రెండు నెలలే కాబట్టి అనవసరం’ అని తీసిపారేయడం కూడా సరికాదు అంటున్నాను. రెండూ తెలిసి కుటుంబం నిర్ణయించుకోవాలి.

పటమట_మూర్తి
నేను ఆ 17 మందిలో ఒకణ్ని. ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. 2022లో ఇదే జబ్బు, లివర్‌కి పాకిందన్నారు. కార్బోప్లాటిన్, ఎటోపొసైడ్, డుర్వాలుమాబ్ మూడూ కలిపి నాలుగు సైకిళ్లు, మూడు వారాలకొకటి. ఎటోపొసైడ్ మాత్రం వరసగా మూడు రోజులు ఎక్కించేవారు. తర్వాత కీమో ఆపేసి డుర్వాలుమాబ్ ఒక్కటే నాలుగు వారాలకొకసారి. మొన్న స్కాన్‌లో కూడా కొత్తగా ఏమీ లేదు.

నా పక్క బెడ్‌లో ఇదే మందు, ఇదే వయసు, నాకంటే గట్టి మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన ఏడాది తిరగకుండా పోయారు. ఎందుకు నేనున్నాను, ఆయన లేరు అంటే ఎవరూ చెప్పలేరు. శీను గారి కోపం నాకు తప్పుగా అనిపించడం లేదు.

కిరణ్ గారికి నేను చెప్పేది వేరే ఉంది. నాన్నగారికి చెప్పండి. నాకు మావాళ్లు ‘ఊపిరితిత్తుల్లో నిమ్ము’ అని చెప్పి మొదటి కీమో ఎక్కించారు. జుట్టు రాలడం మొదలయ్యాక నాకే అర్థమైంది. ఆ రోజు జబ్బు కంటే, ఇంట్లో అందరికీ తెలిసి నాకొక్కడికే తెలియకపోవడం ఎక్కువ కష్టపెట్టింది. పొలం ఆయనది. అమ్మాలో వద్దో ఆయనతో మాట్లాడకుండా మీరు ఎలా తేలుస్తారు?

తెనాలి_సుధ
మూర్తి గారి చివరి మాటకి నా వంద లైకులు.

పద్మ_మంగళగిరి
నేను ఒప్పుకోను. మా అమ్మ భయస్తురాలు. పేరు వింటేనే అన్నం మానేసేది. ‘గడ్డ ఉంది, కరిగించే మందు ఎక్కిస్తున్నారు’ అని మాత్రమే చెప్పాం, అది అబద్ధం కాదు. మనిషిని బట్టి చెప్పాలి.

పటమట_మూర్తి
అమ్మా పద్మా, మీరు ఏమీ దాచలేదు కదా. అడిగినంత వరకు చెప్పారు. నేను చెప్పేదీ అదే, నిమ్ము అని చెప్పొద్దంటున్నాను.

గవర్నర్‌పేట_ఫార్మసిస్ట్
ఖర్చు గురించి కొన్ని సంగతులు. కీమో మందులైన కార్బోప్లాటిన్, ఎటోపొసైడ్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి, గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అవి మిమ్మల్ని ముంచవు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవలో కీమో ప్యాకేజీ ఉంటుంది, ఆసుపత్రిలో వైద్యమిత్ర డెస్కు దగ్గర ముందు రోజే మాట్లాడుకోండి. ఉద్యోగుల కుటుంబమైతే ఈహెచ్ఎస్ కార్డు చూపించండి.

ఇమ్యునో మందులకి: 2024 జులై బడ్జెట్‌లో డుర్వాలుమాబ్ మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, ఆ ఏడాదే జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అటెజోలిజుమాబ్ మీద జీఎస్టీ పూర్తిగా పోయింది. అయినా ఖరీదైనవే. అందుకని మొదటి వయల్ కొనకముందే కంపెనీ పేషెంట్ సపోర్ట్ స్కీమ్‌లో పేరు నమోదు చేయించమని డాక్టరుని అడగండి. కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితంగా ఇచ్చే పద్ధతి ఉంటుంది. కొన్నాక అడిగితే మొదటి డోసు లెక్కలోకి రాకపోవచ్చు. ముఖ్యమంత్రి సహాయ నిధికి కూడా ఎస్టిమేట్ కాగితం ముందే తీసుకోవాలి.

ఇంకొకటి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ‘తక్కువకి ఇప్పిస్తాం’ అని వాట్సాప్‌లో వచ్చేవాళ్ల దగ్గర కొనొద్దు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు, ఖాళీ క్యాన్సర్ ఇంజెక్షన్ సీసాల్లో వేరే మందు నింపి అమ్ముతున్నారు. బిల్లు, బ్యాచ్ నంబరు చూసుకోండి. సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐస్ పెట్టెలో తెప్పించండి. ఎక్కించాక ఖాళీ సీసాని మీ ముందే పగలగొట్టించండి.

ఉండవల్లి_నాని
ఖాళీ సీసా సంగతి తెలియదు. మా మావయ్యకి పెట్టినప్పుడు వార్డు బాయ్ అడిగి మరీ తీసుకెళ్లాడు. ఇప్పుడు ఒళ్లు జలదరిస్తోంది.

మిర్చియార్డు_శీను
తక్కువ డోసు ఇమ్యునో అని ఒకటుందట కదా, ముంబై టాటా వాళ్లు చేశారని. లక్షలు కాదు, వేలల్లో అయిపోతుందని పేపర్లో చదివాను. అది ఎందుకు పెట్టరు?

ఆంకో_పీజీ
చదివింది నిజమే. టాటా మెమోరియల్ వాళ్లు నివోలుమాబ్‌ని 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకొకసారి ఇచ్చి చూశారు. మన దేశానికి గర్వకారణమైన పని. కానీ అది తల, మెడ క్యాన్సర్లలో. ఆ ఫలితం తెచ్చి దీనికి అంటించలేం.

పైగా నివోలుమాబ్ ఈ జబ్బులో బాగా నిరాశపరిచింది. కీమో పూర్తయ్యాక మెయింటెనెన్స్‌గా ఇచ్చి చూశారు, ఆయుష్షు పెరగలేదు. తిరగబెట్టాక ఇచ్చి చూశారు, అప్పుడూ కీమోని మించలేదు. అమెరికాలో స్మాల్ సెల్‌కి ముందు ఇచ్చిన అనుమతిని 2020 చివర్లో వెనక్కి తీసుకున్నారు. పెంబ్రోలిజుమాబ్‌ది కూడా 2021లో అదే దారి. కాబట్టి ‘ఇప్పుడు కీమో ఒక్కటే పెట్టించి, డబ్బు చూసుకుని ఇమ్యునో తర్వాత చేద్దాం’ అన్న ఆలోచనకి ఇక్కడ ఆధారం లేదు. బాగా పాకిన దశలో ఈ రకం ఇంజెక్షన్లకి నిలబడిన ఫలితాలన్నీ కీమోతో పాటే మొదలుపెట్టినవి. కిరణ్ గారు నిర్ణయం తొందరగా తీసుకోవాల్సింది అందుకే.

ఒక వెసులుబాటు ఉంది. మనిషి బాగా నీరసంగా ఉంటే, లేదా కాగితాలు తేలకపోతే, మొదటి సైకిల్ కీమో ఒక్కటే ఎక్కించి రెండో సైకిల్‌లో ఇమ్యునో కలపడం చాలామంది చేస్తారు. నాన్నగారికి ముఖం వాపు ఉంది కాబట్టి కీమో ఆపకూడదు.

బ్రాడీపేట_కిరణ్
అందరివీ చదివాను. రేపు పొద్దున కీమో మొదలు. సాయంత్రం నాన్నతో కూర్చుని చెప్పాను. మూర్తి గారి మాట చదివాకే ధైర్యం వచ్చింది. ‘లివర్‌లో కూడా ఉందా’ అని అడిగారు, ఉందన్నాను. కాసేపాగి ‘ఎకరం అమ్మొద్దు, అది మీ అమ్మది. నా పేరున బ్యాంకులో ఉన్న డిపాజిట్ తీయండి, దాంతో ఎంతవరకు వస్తే అంతవరకు’ అన్నారు. ఆ డిపాజిట్ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

మిర్చియార్డు_శీను
మీ నాన్న గొప్ప మనిషి. నేను అన్న మాట ఆయనే అన్నారు, ఇంకో దారి కూడా చూపించారు.

ఉండవల్లి_నాని
కిరణ్ అన్నా, కీమో అయ్యాక బొప్పాయి ఆకు రసం ఇవ్వండి, కౌంట్స్ పెరుగుతాయి. మా ఊళ్లో అందరూ ఇస్తారు.

ఆంకో_పీజీ
వద్దు నానీ. డాక్టరుకి తెలియకుండా ఏ ఆకు రసమూ వద్దు. కీమోకి పడిపోయే తెల్లకణాలకి వేరే ఇంజెక్షన్ ఉంది, పొట్ట చర్మం కింద ఇస్తారు. తర్వాతి వారం, పది రోజుల్లో ఒంట్లో 100.4 దాటి జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మేం ఎమర్జెన్సీలో చూసే చావుల్లో కొన్ని ఈ ‘పొద్దున చూద్దాం’ వల్లే.

పద్మ_మంగళగిరి
దీనికి తోడు ఇంకొకటి. అమ్మ ఒకరోజు హఠాత్తుగా మమ్మల్ని గుర్తుపట్టలేదు. మెదడుకి పాకిందనుకుని ఏడ్చేశాం. చూస్తే సోడియం బాగా పడిపోయింది. ఈ గడ్డే ఒక హార్మోన్ వదులుతుందట, దానివల్ల ఒంట్లో నీరు నిలిచిపోయి సోడియం పలచబడుతుందట. ఎండాకాలమని మేం మజ్జిగ, కొబ్బరి నీళ్లు, మంచినీళ్లు దండిగా పట్టించాం. డాక్టరు అవి తగ్గించమన్నారు. మత్తుగా ఉన్నా, మాట తేడాగా ఉన్నా సోడియం టెస్టు అడగండి.

తెనాలి_సుధ
నోటికి ఏదీ రుచించదు కదా, ఏం పెట్టేవాళ్లు? పెదనాన్న ఇడ్లీ వాసనకే వాంతి చేసుకునేవారు.

పటమట_మూర్తి
నాకు నాలుగు సైకిళ్లూ గోంగూర పచ్చడి తప్ప ఏదీ నోటికి పట్టలేదు. చద్దన్నంలో గోంగూర అంటే మా ఆవిడ తిట్టేది, డాక్టరు గారు మాత్రం ఇంట్లో శుభ్రంగా చేసినదైతే, ఆ పూట వండిన అన్నంలో తినమన్నారు.

మిర్చియార్డు_శీను
అయితే గుంటూరు గోంగూరని కూడా నాలుగు సైకిళ్లకి రాసివ్వమని అడగండి డాక్టరు గారిని!

ఆంకో_పీజీ
రాసిస్తాను, కారం తగ్గించి.

న్యూజెర్సీ_లత
మా పుట్టిల్లు లక్ష్మీపురం. ఇక్కడ ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను. మూర్తి గారికి, కిరణ్ గారికి తెలియాల్సిన కొత్త సంగతి ఉంది. 2025లో ఐఎంఫోర్టే అని ఒక పరీక్ష ఫలితం వచ్చింది. మొదటి నాలుగు సైకిళ్లు కీమో, అటెజోలిజుమాబ్ ఇచ్చి, జబ్బు పెరగనివాళ్లని రెండుగా విడదీశారు. ఒకరికి అటెజోలిజుమాబ్ ఒక్కటే, ఇంకొకరికి దాంతో పాటు లర్బినెక్టెడిన్ అనే కీమో మందు. అక్కణ్నుంచి లెక్కపెడితే ఒక్కదానితో 10.6 నెలలు, రెండూ కలిపితే 13.2. మొదటి నాలుగు సైకిళ్ల కాలం దీనికి అదనం. ఇక్కడ మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2025 అక్టోబర్‌లో అనుమతి ఇచ్చింది, మా దగ్గర ఇస్తున్నాం.

ఆంకో_పీజీ
లత గారు చెప్పింది ముఖ్యమైన ముందడుగు. రెండు జాగ్రత్తలు చేరుస్తాను. ఆ పరీక్షలోకి మెదడుకి పాకినవాళ్లని తీసుకోలేదు, మొదటి నాలుగు సైకిళ్లలోనే జబ్బు పెరిగినవాళ్లూ లేరు. కాబట్టి అందులో ఉన్నది కాస్త మెరుగ్గా ఉన్న రోగులు. రెండోది, తీవ్రమైన దుష్ప్రభావాలు 22 శాతం నుంచి 38 శాతానికి పెరిగాయి. బలం ఉన్న మనిషికే.

న్యూజెర్సీ_లత
నిజమే. టార్లాటమాబ్ గురించి కూడా చెప్పాలి. దీని ఒక చెయ్యి క్యాన్సర్ కణం మీది డీఎల్ఎల్3 అనే గుర్తుని పట్టుకుంటుంది, ఇంకో చెయ్యి మన రోగనిరోధక కణాన్ని పట్టుకుని తెచ్చి దాని పక్కన నిలబెడుతుంది. మొదటి కీమో తర్వాత తిరగబెట్టినవాళ్లలో పాత కీమోలతో 8.3 నెలలు వస్తే, దీనితో 13.6 వచ్చింది. ఈ జబ్బులో రెండో వైద్యానికి ఇంత తేడా నా సర్వీసులో చూడలేదు. మొదటి డోసులప్పుడు జ్వరం, బీపీ పడిపోవడం ఉంటాయి కాబట్టి ఆసుపత్రిలో ఉంచి గమనిస్తారు. దీన్నే మొదటి వైద్యంలోకి తేవడానికి డుర్వాలుమాబ్‌తో కలిపి పెద్ద పరీక్ష నడుస్తోంది.

మిర్చియార్డు_శీను
చైనా వాళ్లది కూడా ఏదో ఉందన్నారు, పదిహేను నెలలు వచ్చిందని.

ఆంకో_పీజీ
సెర్ప్లులిమాబ్. ఆస్ట్రమ్-005 పరీక్షలో 15.4 నెలలు, కీమో ఒక్కదానితో 10.9. అదెబ్రెలిమాబ్ అని ఇంకోటి, 15.3 వర్సెస్ 12.8. అలాగని ఒక పరీక్షలోని 15ని వేరే పరీక్షలోని 13తో పోల్చి ఇది గొప్ప, అది తక్కువ అనొద్దు. రోగులు వేరు, తర్వాత దొరికిన మందులు వేరు. కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ల అంకె కూడా ఒక పరీక్షలో 10.3, ఇంకోదాంట్లో 12.8 ఉంది చూడండి.

రేపల్లె_సాయి
మధ్యలో వచ్చాను. మా అన్నయ్యకి స్మాల్ సెలే, కానీ ఒక వైపే ఉంది, ‘లిమిటెడ్’ అన్నారు. ఈ మందులే వాడాలా?

ఆంకో_పీజీ
మీది వేరే దారి. అక్కడ కీమోతో పాటు రేడియేషన్ కలిపి పూర్తిగా నయం చేసే ప్రయత్నం ఉంటుంది. అది అయ్యాక డుర్వాలుమాబ్ ఇస్తే మీడియన్ 33.4 నెలల నుంచి 55.9కి పెరిగిందని 2024లో తేలింది. రేడియేషన్ ఆలస్యం చేయొద్దు. వివరంగా వేరే పోస్టు మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.

బ్రాడీపేట_కిరణ్
చాలా రోజులకి రాస్తున్నాను. మొదటి సైకిల్ కీమో ఒక్కటే పెట్టారు, వాపు మూడో రోజుకే దిగింది. సపోర్ట్ స్కీమ్ కాగితాలు అయ్యాక రెండో సైకిల్ నుంచి అటెజోలిజుమాబ్ కలిపారు. రెండో సైకిల్ తర్వాత ఒకసారి జ్వరం వచ్చింది. రాత్రి పదకొండు దాటింది, నాన్న ‘పొద్దున వెళ్దాం’ అన్నారు, ఈ పోస్టులో చదివింది గుర్తొచ్చి అప్పుడే ఆటోలో తీసుకెళ్లాను. తెల్లకణాలు అడుగంటాయన్నారు. యాంటీబయోటిక్స్ పెట్టి కాపాడారు. మొన్న సీటీలో గడ్డ సగానికి పైగా తగ్గింది, లివర్ మచ్చలు చిన్నవయ్యాయి. నాన్న పొగ పూర్తిగా మానేశారు.

ఇప్పుడు రెండు అడగాలి. తగ్గింది కదా, ఛాతీకి రేడియేషన్ ఇప్పించాలా? తలకి కూడా ముందు జాగ్రత్తగా రేడియేషన్ ఇస్తారని పక్కవాళ్లు అంటున్నారు.

తెనాలి_సుధ
సగానికి పైగా తగ్గిందా! ఆంటీకి నా తరఫున చెప్పండి.

ఆంకో_పీజీ
సంతోషం కిరణ్ గారూ. ఆ రాత్రి ఆటో ఎక్కించడమే మీరు చేసిన మంచి పని.

ఛాతీ రేడియేషన్: కీమోకి స్పందించినవాళ్లకి ఇస్తే రెండేళ్లకి బతికున్నవాళ్లు 3 శాతం నుంచి 13 శాతానికి పెరిగారని 2015లో క్రెస్ట్ పరీక్ష చూపించింది. కానీ అది ఇమ్యునో రాకముందు. ఇప్పుడు ఛాతీలో గడ్డ మిగిలి, ఊపిరికి అడ్డుపడుతుంటే ఆలోచిస్తారు. రేడియేషన్ డాక్టరుతో ఒకసారి మాట్లాడండి, మంగళగిరి ఎయిమ్స్‌లో రెండో అభిప్రాయం తీసుకున్నా మంచిదే.

తల రేడియేషన్: ఒకప్పుడు అందరికీ ఇచ్చేవాళ్లం. 2017లో జపాన్ పరీక్షలో, క్రమం తప్పకుండా ఎంఆర్ఐ తీస్తూ చూసుకుంటే రేడియేషన్ ఇచ్చినవాళ్ల కంటే తక్కువేమీ బతకలేదని తేలింది. జ్ఞాపకశక్తి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. తలలో ఏమీ లేకపోతే మూడు నెలలకొకసారి ఎంఆర్ఐ చేయించడం సరైన దారి. అది మాత్రం తప్పించకండి, ఈ జబ్బు మెదడుకి వెళ్లడం చాలా మామూలు.

పటమట_మూర్తి
ఎంఆర్ఐతో పాటు థైరాయిడ్ టెస్టు కూడా రాయించుకోండి. నాకు ఇమ్యునో మొదలైన కొన్ని నెలలకి థైరాయిడ్ పడిపోయింది. నీరసమంతా జబ్బు వల్లే అనుకున్నాం, రోజూ పొద్దున ఒక మాత్రతో సర్దుకుంది. విరేచనాలు ఎక్కువైనా, కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వచ్చినా ఇంట్లో మందులు వేయకండి. ఇమ్యునో సొంత అవయవాల మీదికే తిరగొచ్చు, అప్పుడు స్టెరాయిడ్ పెట్టాలి.

బ్రాడీపేట_కిరణ్
రాసుకున్నాను. థైరాయిడ్, సోడియం రెండూ వచ్చే సైకిల్ ముందు రక్తపరీక్షలో కలపమంటాను. లత గారూ, నాలుగో సైకిల్ అయ్యాక ఆ లర్బినెక్టెడిన్ సంగతి మా డాక్టరుని అడగాలంటే ఏమేం చూపించాలి?

న్యూజెర్సీ_లత
నాలుగో సైకిల్ తర్వాతి సీటీ, మెదడు ఎంఆర్ఐ, రక్తకణాలు, లివర్, కిడ్నీ రిపోర్టులు. ఈ మధ్య నాన్నగారు తన పనులు తాను చేసుకుంటున్నారా, ఎంత దూరం నడుస్తున్నారు అన్నది కూడా చెప్పండి. రిపోర్టుల కంటే ముందు ఏ డాక్టరైనా అదే అడుగుతారు.

బ్రాడీపేట_కిరణ్
రోజూ సాయంత్రం బ్రాడీపేట నాలుగో లైను చివరి దాకా నడిచి వస్తున్నారు. మధ్యలో టీ కొట్టు దగ్గర ఆగుతున్నారు, టీ మాత్రమే.